పేజీ లేఅవుట్‌లో వెక్టర్ బొమ్మలు: తెచ్చుకోవడం, దిద్దడం, ఎక్స్‌పోర్ట్ చేయడం

వెక్టర్ బొమ్మ అంటే పిక్సెల్స్‌తో (రంగు చుక్కలతో) కాకుండా గీతల లెక్కలతో గీసింది, ఎంత పెంచినా పదును పోదు. అయినా స్క్రీన్ మీద పదునుగా ఉన్న లోగో ప్రింట్‌లో మసకగా వచ్చిందనీ, ఎస్‌వీజీ (ఒక వెక్టర్ ఫైల్ రకం) తెస్తే సైజు మారిపోయిందనీ, సన్నటి నల్ల గీతల పక్కన రంగు చారలు పడ్డాయనీ పాఠకులు తరచూ అడుగుతున్నారు. కారణాలు వేరువేరే గానీ, మూడూ ఒకే క్రమశిక్షణతో తప్పుతాయి. బొమ్మను గీసిన సాఫ్ట్‌వేర్‌లోనే దిద్దండి. లేఅవుట్‌లో అమర్చడం వరకే చేయండి. తనిఖీ మాత్రం ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌లో చేయండి.

ఉదాహరణలకు గీయడానికి ఇంక్‌స్కేప్, ఇల్లస్ట్రేటర్, పేజీ కట్టడానికి స్క్రైబస్, ఇన్‌డిజైన్ తీసుకున్నాను. షార్ట్‌కట్‌లు విండోస్‌వి. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్, ఆల్ట్ బదులు ఆప్షన్ నొక్కాలి.

1. ముందుగా తేల్చుకోవాల్సినవి

సాఫ్ట్‌వేర్ తెరవక ముందే ఈ ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకోండి. వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా చివర్లో పని మొత్తం మళ్లీ చేయాల్సి రావచ్చు.

- ఈ పేజీ ప్రెస్‌కు వెళ్తుందా, స్క్రీన్ మీదే చూస్తారా, రెండూనా?
- బొమ్మ పేజీ మీద ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి?
- ప్రెస్ వాళ్లు ఏ పీడీఎఫ్ రకం అడుగుతున్నారు? ఏ కలర్ ప్రొఫైల్ (వాళ్ల యంత్రం, కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్) వాడుతున్నారు?
- స్పాట్ రంగు (ముందే కలిపి ఉంచిన ప్రత్యేక ఇంక్) ఉందా, అంతా సీఎంవైకేయేనా (సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంక్‌ల కలయికేనా)?
- బొమ్మ పేజీ అంచును తాకుతుందా? తాకితే బ్లీడ్ (కోత కోసం పేజీ అంచు దాటించి ఉంచే భాగం) ఎంత? వాళ్లేమీ చెప్పకపోతే 3 మి.మీ. పెట్టుకోండి.

మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ప్రెస్‌కు ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే విషయం అది.

2. మూల ఫైల్‌ను శుభ్రం చేయడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. లేఅవుట్‌లో ఎదురయ్యే గొడవల్లో చాలావరకు మూల ఫైల్‌లోనే మొదలవుతాయి.

ముందుగా ఔట్‌లైన్ వ్యూలోకి వెళ్లండి. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్+వై. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్ పట్టుకుని నంబర్ ప్యాడ్‌లోని 5 నొక్కుతూ పోతే వ్యూలు మారుతాయి. ఇందులో రంగులు పోయి గీతలు మాత్రమే మిగులుతాయి. బొమ్మ గీతలుగా కాకుండా ఒక డబ్బాగానో ఫోటోగానో కనిపించిందంటే అది వెక్టర్ కాదు, ఎవరో జేపీఈజీని ఎస్‌వీజీలోనో ఈపీఎస్‌లోనో పెట్టి పంపారు. ఫైల్ పేరు చివర ఏముందో చూసి నమ్మకండి. అలాంటిది వస్తే అసలు ఫైల్ అడగండి. అది దొరకనప్పుడే ట్రేస్ చేయండి (ఫోటో మీంచి సాఫ్ట్‌వేర్‌తో గీతలు గీయించండి), చేశాక అంచులను చేత్తో సరిచేయండి. ట్రేస్ టూల్ ఇచ్చింది ఇచ్చినట్టు వాడితే వంపులన్నీ వంకర్లు పోతాయి.

అదే వ్యూలో పేజీ బయట మిగిలిపోయిన ముక్కలు, రంగూ గీతా లేని ఖాళీ ఆకారాలు, క్లిప్పింగ్ మాస్క్ (బొమ్మలో కొంత భాగాన్నే చూపించే ఆకారం) వెనక దాగిన వస్తువులు బయటపడతాయి. అన్నీ తీసేయండి. మాస్క్ బయట దాగింది కంటికి కనిపించదు గానీ ఫైల్‌లో ఉంటుంది. బొమ్మను లేఅవుట్‌లోకి తెచ్చినప్పుడు ఫ్రేమ్ ఉండాల్సిన దానికంటే పెద్దదిగా రావడానికి తరచూ అదే కారణం.

తర్వాత నోడ్‌లు, అంటే గీత వంపును నిర్ణయించే బిందువులు, చూడండి. మామూలు గుండ్రానికి 4 నోడ్‌లు చాలు. అదే గుండ్రానికి 60 ఉంటే దిద్దడం నరకం, అంచు నునుపుగానూ ఉండదు. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+ఎల్ నొక్కితే నోడ్‌లు తగ్గుతాయి. ఒక్కసారి నొక్కి ఆకారం మారిందేమో చూడండి. వెంటవెంటనే నొక్కుతూ పోతే మూలలు అరిగిపోతాయి.

ఇక గీతల మందం. బొమ్మను చిన్నది చేస్తే గీతలు కూడా సన్నబడాలా, అంతే ఉండాలా అనేది ముందే నిర్ణయించుకోండి. లోగో అయితే సన్నబడాల్సిందే. ఏ సైజులోనూ నిష్పత్తి చెడకుండా లోగో గీతలను ఆకారాలుగా మార్చేయండి: ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలోని స్ట్రోక్ టు పాత్, ఇల్లస్ట్రేటర్‌లో ఔట్‌లైన్ స్ట్రోక్. పటాలకు, గ్రాఫ్‌లకు మాత్రం ఇది చేయకండి. రేపు గీత మందం మార్చాలంటే దారి ఉండదు.

చివరి సైజులో ఏ గీతా 0.25 పాయింట్ కంటే సన్నగా ఉండకూడదు. ముదురు రంగు మీద తెల్ల గీతకైతే 0.5 పాయింట్ అయినా పెట్టండి, ఇంక్ రెండువైపుల నుంచీ కమ్ముకుంటుంది. సున్నా మందం ఉన్న హెయిర్‌లైన్ అసలు వాడకండి. దాన్ని ప్రతి యంత్రం తనకు సాధ్యమైనంత సన్నగా గీస్తుంది. ఆఫీసు ప్రింటర్ మీద కనిపించిన గీత ప్రెస్ ప్లేట్ (ఒక్కో ఇంక్‌కు ఒకటి చేసే అచ్చు రేకు) మీద దాదాపు మాయమవుతుంది.

బ్లర్, నీడ, మెరుపు లాంటి ఎఫెక్ట్‌లు వెక్టర్‌లా కనిపిస్తాయి గానీ చివరికి పిక్సెల్స్‌గా మారతాయి. ఇల్లస్ట్రేటర్‌లో రాస్టర్ ఎఫెక్ట్స్ రిజల్యూషన్ 300 పీపీఐ (అంగుళానికి పిక్సెల్స్) పెట్టండి. ఇంక్‌స్కేప్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసే డైలాగ్‌లోనే ఈ సంఖ్య అడుగుతుంది. ఇంక్‌స్కేప్ ఫిల్టర్లను స్క్రైబస్ ఎస్‌వీజీ ఇంపోర్ట్ పట్టించుకోదు. స్క్రైబస్‌లో పేజీ కడుతున్నారంటే బొమ్మలో ఫిల్టర్లు లేకుండా చూసుకోండి.

తెలుగు అక్షరాలున్న బొమ్మ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూడాలంటే ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్, ఇల్లస్ట్రేటర్‌లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. స్క్రైబస్‌కు ఈ సత్తా 1.5.3 వర్షన్‌తో వచ్చింది. పాత 1.4 వాడుతుంటే మారండి. అక్షరాలు సరిగ్గా కూడాయని కళ్లారా చూశాకే వాటిని ఔట్‌లైన్‌లుగా (ఫాంట్ అక్కర్లేని ఆకారాలుగా) మార్చండి. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఓ, ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+షిఫ్ట్+సి. విడిపోయిన ఒత్తును ఔట్‌లైన్ చేస్తే అది విడిపోయినట్టే స్థిరపడుతుంది. మార్చే ముందు అక్షరాలు టైప్‌గానే ఉన్న కాపీ ఒకటి వేరే పేరుతో దాచండి.

చివరగా పేజీని బొమ్మకు సరిపోయేలా కుదించండి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఆర్. ఏ4 కాగితం మధ్యలో అగ్గిపెట్టెంత లోగో ఉంచి పంపితే లేఅవుట్‌లో చుట్టూ ఖాళీతోనే వస్తుంది.

3. ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి

ప్రెస్‌కు వెళ్లే ఇన్‌డిజైన్ పనికి పీడీఎఫ్ లేదా ఏఐ. ఏఐగా సేవ్ చేస్తే పీడీఎఫ్ కంపాటిబుల్ అనే పెట్టెలో టిక్ ఉండాలి, అది లేకపోతే ఇన్‌డిజైన్‌లో బొమ్మ రాదు. స్క్రైబస్‌కైతే ప్లెయిన్ ఎస్‌వీజీ హాయి.

ఎస్‌వీజీని ఇన్‌డిజైన్ 2020 వర్షన్ నుంచి నేరుగా తీసుకుంటోంది. అయితే ఎస్‌వీజీలోవి ఆర్‌జీబీ (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం) రంగులు. ప్రెస్‌కు సీఎంవైకే విలువలు కచ్చితంగా కావాలంటే ఆ దారి వద్దు.

ఈపీఎస్‌ను ఎవరైనా పట్టుబట్టి అడిగితేనే ఇవ్వండి. అందులో ట్రాన్స్‌పరెన్సీ (కింది రంగు కనిపించే పారదర్శకత) నిలవదు, సేవ్ చేసేటప్పుడే ముక్కలై పోతుంది.

4. లేఅవుట్‌లోకి తేవడం

ఇన్‌డిజైన్‌లో కంట్రోల్+డి నొక్కి ప్లేస్ చేయండి. కాపీ చేసి పేస్ట్ చేయడం సులువే గానీ, పేస్ట్ చేసిన బొమ్మకు లింక్ ఉండదు. లోగో మారిన రోజు 40 పేజీల పుస్తకంలో అది ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవాలి. ప్లేస్ చేస్తే లింక్స్ ప్యానెల్‌లో ఒక్క అప్‌డేట్‌తో అన్నిచోట్లా మారుతుంది. పేజీలోనే ముక్కలు దిద్దాల్సిన చిన్న ఐకాన్‌లకు మాత్రమే పేస్ట్ వాడండి.

స్క్రైబస్ పద్ధతి వేరు. ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అందులో గెట్ వెక్టర్ ఫైల్ ఎంచుకుంటే బొమ్మ స్క్రైబస్ సొంత ఆకారాలుగా మారి ఒక గ్రూప్‌గా పేజీ మీద పడుతుంది. మూల ఫైల్‌తో సంబంధం అక్కడితో తెగుతుంది. మూలం మారితే మళ్లీ ఇంపోర్ట్ చేయాల్సిందే. అందుకని తెచ్చిన బొమ్మలను ఒక ప్రత్యేక లేయర్‌లో పెట్టి, గ్రూప్‌కు మూల ఫైల్ పేరే ఇవ్వండి.

స్క్రైబస్‌లో ఇమేజ్ ఫ్రేమ్ గీసి అందులో పీడీఎఫ్ పెట్టడం ఇంకో దారి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో పీడీఎఫ్, ఈపీఎస్ ఫైళ్లను ఎంబెడ్ చేసే (ఉన్నవి ఉన్నట్టే లోపల చేర్చే) ఆప్షన్‌కు టిక్ పెట్టకపోతే ఆ బొమ్మ పిక్సెల్స్‌గా మారిపోయి బయటికొస్తుంది. లోగో మసకబారిందని అడిగే స్క్రైబస్ వాడకందారులు ముందు చూడాల్సింది ఇదే. ఆ ఆప్షన్ పక్కన ప్రయోగాత్మకం అని రాసి ఉంటుంది, కాబట్టి టిక్ పెట్టాక ఫలితాన్ని తప్పకుండా చూడండి.

తెచ్చిన వెంటనే సైజు కొలవండి. ఎస్‌వీజీలో 96 పిక్సెల్స్ ఒక అంగుళం. ఇల్లస్ట్రేటర్ ఒక పిక్సెల్‌ను ఒక పాయింట్‌గా, అంటే అంగుళానికి 72గా లెక్కేస్తుంది. అందుకే కొలతలు పిక్సెల్స్‌లో మాత్రమే ఉన్న ఎస్‌వీజీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేసరికి 133 శాతానికి పెరగడమో, 75 శాతానికి తగ్గడమో జరుగుతుంది. ఇంక్‌స్కేప్ 0.92 కంటే ముందు అంగుళానికి 90 పిక్సెల్స్ లెక్క ఉండేది, ఆ కాలపు ఫైళ్లు 93.75 శాతం సైజులో తెరుచుకోవచ్చు. ఈ మూడు సంఖ్యల్లో ఏదైనా కనిపిస్తే బొమ్మలో తప్పు లేదు, లెక్కలో తేడా ఉందంతే. ఇంక్‌స్కేప్ డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో యూనిట్‌ను మిల్లీమీటర్లకు మార్చి మళ్లీ సేవ్ చేయండి.

5. లేఅవుట్‌లోనే దిద్దాల్సి వస్తే

రంగు మార్చడం, ఒక ముక్క తీసేయడం, ఒక నోడ్ జరపడం. ఇంతవరకు లేఅవుట్‌లో చేయొచ్చు. అంతకు మించిన పని అయితే మూలానికి వెళ్లండి. ఇన్‌డిజైన్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ ఒరిజినల్ అంటే చాలు, సేవ్ చేయగానే పేజీలో మారుతుంది.

వరుస ఇది (ఇన్‌డిజైన్‌లో పేస్ట్ చేసిన బొమ్మలకే, ప్లేస్ చేసినవాటిని విడదీయలేం):

1. గ్రూప్‌కు ఒక కాపీ తీసి పేజీ పక్కన ఉంచండి.
2. కంట్రోల్+షిఫ్ట్+జి నొక్కి గ్రూప్ విడదీయండి. గ్రూప్‌లో గ్రూప్ ఉంటే ఇంకోసారి.
3. ఇన్‌డిజైన్‌లో డైరెక్ట్ సెలెక్షన్ టూల్, అంటే తెల్ల బాణం, తీసుకుని నోడ్ పట్టుకోండి. స్క్రైబస్‌లో ప్రాపర్టీస్‌లోని షేప్ భాగంలో ఎడిట్ నొక్కండి.
4. ఆకారాలను కలపడం, కోయడం ఇన్‌డిజైన్‌లో పాత్‌ఫైండర్‌తో, స్క్రైబస్‌లో ఐటెమ్ మెనూలోని పాత్ టూల్స్‌తో.
5. పని కాగానే మళ్లీ గ్రూప్ చేయండి. ఈ మెట్టు మరిస్తే తర్వాత బొమ్మను జరిపినప్పుడు ఒక ముక్క వెనకే ఉండిపోతుంది.

6. రంగులు సరిచేయడం

నలుపుతో మొదలుపెడదాం, తలనొప్పి ఎక్కువగా దీంతోనే. ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేకు మారిస్తే అది నాలుగు ఇంక్‌ల కలగలుపు అవుతుంది. ఉదాహరణకు యూఎస్ వెబ్ కోటెడ్ స్వాప్ ప్రొఫైల్‌తో సి 75, ఎం 68, వై 67, కె 90 వస్తుంది, మొత్తం 300 శాతం. సన్నటి గీత నాలుగు ప్లేట్ల మీద పడితే, కాగితం వెంట్రుకవాసి జరిగినా పక్కన రంగు చారలు వస్తాయి. గీతలకూ చిన్న అక్షరాలకూ నలుపు కె 100 ఒక్కటే ఉండాలి.

స్క్రైబస్‌లో ఎస్‌వీజీ నుంచి వచ్చిన రంగులు ఫ్రమ్ఎస్‌వీజీ అనే పేరుతో మొదలవుతాయి, పక్కన ఆర్‌జీబీ కోడ్ ఉంటుంది. ఎడిట్ మెనూలో రీప్లేస్ కలర్స్ తెరిచి, వాటిని మీ సీఎంవైకే రంగులకు మార్చి, తర్వాత వాడని రంగులన్నీ తీసేయండి. ఇన్‌డిజైన్‌లో ప్లేస్ చేసిన బొమ్మ రంగును లోపలి నుంచి మార్చలేరు, మూలంలోనే మార్చాలి.

స్పాట్ రంగుకు డాక్యుమెంట్ మొత్తం మీద ఒకే పేరు ఉండాలి. పాంటోన్ 185 సి అని ఒక బొమ్మలో, పాంటోన్ 185 యు అని ఇంకో బొమ్మలో ఉంటే సాఫ్ట్‌వేర్ రెండు వేర్వేరు ప్లేట్లు తయారు చేస్తుంది. మూలాలు దిద్దే వీలు లేకపోతే ఇన్‌డిజైన్ ఇంక్ మేనేజర్‌లో ఒకదాన్ని రెండోదానికి అలియాస్‌గా కలపండి.

ఓవర్‌ప్రింట్, అంటే కింది రంగును తీసేయకుండా దాని మీదే ఇంక్ వేయడం, ఇంకో చిక్కు. తెల్ల ఆకారానికి పొరపాటున ఓవర్‌ప్రింట్ తగిలితే అది ప్రింట్‌లో ఉండదు. తెలుపు అంటే ఇంక్ లేకపోవడమే, కింద ఉన్న రంగు అలాగే పడుతుంది. నల్ల లోగోను తెలుపుకు మార్చినప్పుడు పాత సెట్టింగ్ మిగిలిపోవడం వల్ల ఇది తరచూ జరుగుతుంది. ఇల్లస్ట్రేటర్ డాక్యుమెంట్ సెటప్‌లో డిస్కార్డ్ వైట్ ఓవర్‌ప్రింట్ టిక్ చేసి ఉంచండి.

ఇన్‌డిజైన్‌లో బ్లాక్ స్వాచ్ 100 శాతం ఉన్నప్పుడు మామూలుగానే ఓవర్‌ప్రింట్ అవుతుంది. అక్షరాలకు అది మేలు. ఫోటో మీద పెద్ద నల్ల పట్టీ వేస్తే మాత్రం కింది ఫోటో ఛాయగా కనిపిస్తుంది. ఆ పట్టీకి వేరే రిచ్ బ్లాక్ (నలుపుకు ఇతర ఇంక్‌లు కలిపిన గాఢమైన నలుపు) స్వాచ్ తయారు చేసి వాడండి.

7. ప్రెస్‌కు ఎక్స్‌పోర్ట్

ప్రెస్ వాళ్లు చెప్పిన రకమే ఇవ్వండి. వాళ్లు మీకే వదిలేస్తే నేనైతే పీడీఎఫ్/ఎక్స్-4 ఎంచుకుంటాను. ట్రాన్స్‌పరెన్సీ అందులో అలాగే నిలుస్తుంది, వెక్టర్లు ముక్కలు కావు. పాత యంత్రాలున్న చోట పీడీఎఫ్/ఎక్స్-1ఏ అడుగుతారు. అందులో ట్రాన్స్‌పరెన్సీకీ ఆర్‌జీబీకీ చోటు లేదు, కాబట్టి నీడల చుట్టూ ఉన్న భాగాలు ఎలా చదునయ్యాయో (పొరలు కలిసి ఒకటయ్యాయో) ఒక్కొక్కటీ చూడాలి.

- ఎక్స్‌పోర్ట్‌కు ముందు ప్రీఫ్లైట్ (పేజీలో తప్పులు వెతికే తనిఖీ) నడపండి. స్క్రైబస్‌లో అది ఎక్స్‌పోర్ట్ చేయబోతే తనంతట తానే తెరుచుకుంటుంది.
- డాక్యుమెంట్ బ్లీడ్ వాడమనే టిక్ పెట్టండి. డాక్యుమెంట్‌లో బ్లీడ్ ఉన్నా ఇక్కడ టిక్ లేకపోతే పీడీఎఫ్‌లో రాదు.
- కలర్ విభాగంలో ప్రెస్ చెప్పిన ప్రొఫైల్ ఎంచుకోండి. స్క్రైబస్‌లో అవుట్‌పుట్‌ను ప్రింటర్‌కు మార్చండి, స్క్రీన్/వెబ్ అని ఉంచకండి.
- ఫాంట్‌లన్నీ ఎంబెడ్ కావాలి. పేజీలో ఉన్న మామూలు మ్యాటర్‌ను ఔట్‌లైన్ చేయకండి. ఫైల్ బరువెక్కుతుంది, వెతకడానికీ దిద్దడానికీ వీలుండదు.
- కంప్రెషన్ విభాగంలోని పీపీఐ సంఖ్యలు ఫోటోలకే వర్తిస్తాయి. వెక్టర్ గీతల మీద వాటి ప్రభావం ఉండదు, వాటి గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

8. వెబ్‌కు ఎక్స్‌పోర్ట్

ఎస్‌వీజీ ఇవ్వగలిగితే అదే ఇవ్వండి. వ్యూబాక్స్ (బొమ్మ హద్దులు చెప్పే కొలత) ఉండేలా చూడండి, అది లేకపోతే బ్రౌజర్‌లో సైజు మార్చినప్పుడు బొమ్మ సాగకుండా తెగిపోతుంది. చూసేవాళ్ల యంత్రంలో మీ ఫాంట్ ఉండదు కాబట్టి అక్షరాలు ఔట్‌లైన్‌గా ఉండాలి. ఇంక్‌స్కేప్‌లో ఆప్టిమైజ్డ్ ఎస్‌వీజీగా సేవ్ చేస్తే ఫైల్ తేలికవుతుంది.

పీఎన్‌జీ కావాలంటే పిక్సెల్స్ లెక్క ముందే వేసుకోండి: మిల్లీమీటర్లను 25.4తో భాగించి పీపీఐతో గుణించాలి. 50 మి.మీ. బొమ్మకు 300 పీపీఐ దగ్గర 591 పిక్సెల్స్. పీఎన్‌జీలో సీఎంవైకే ఉండదు, దాన్ని ప్రెస్‌కు పంపకండి.

9. పీడీఎఫ్ తెరిచి చూడడం

లేఅవుట్ స్క్రీన్ మీద కనిపించేది ప్రివ్యూ మాత్రమే. నిజం పీడీఎఫ్‌లో ఉంటుంది.

- బొమ్మ అంచును 1600 శాతానికి జూమ్ చేయండి. మెట్లు మెట్లుగా కనిపిస్తే అది పిక్సెల్స్‌గా మారింది.
- ఆక్రొబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి ఓవర్‌ప్రింట్ సిమ్యులేషన్ పెట్టండి. తెల్ల ముక్కలేవైనా మాయమయ్యాయా?
- అక్కడే సయాన్, మజెంటా, పసుపు ప్లేట్లు ఆపేయండి. నల్ల గీతలు, అక్షరాలు చెక్కుచెదరకుండా ఉండాలి. తర్వాత నలుపు మాత్రమే ఆపితే అవి పూర్తిగా పోవాలి, నీడలా మిగిలితే నలుపు నాలుగు రంగుల్లో ఉంది.
- ప్లేట్ల జాబితాలో మీరు అనుకోని స్పాట్ రంగు ఉందా?
- మొత్తం ఇంక్ ప్రెస్ ఇచ్చిన హద్దు దాటిందా?
- ఒక బొమ్మ వెడల్పు మెజర్ టూల్‌తో కొలిచి మొదట రాసుకున్న మిల్లీమీటర్లతో పోల్చండి.

10. తరచూ వచ్చే చిక్కులు, సరిచేసే తీరు

*బొమ్మ మీద సన్నటి తెల్ల గీతలు కనిపిస్తున్నాయి.* ట్రాన్స్‌పరెన్సీ చదునైనప్పుడు ముక్కల మధ్య స్క్రీన్ చూపించే అతుకులివి. జూమ్ మార్చినా మందం మారకుండా ఉంటే ప్రింట్‌లో రావు. జూమ్‌తో పాటు పెరుగుతుంటే నిజంగానే సందు ఉంది, మూలంలో ఆకారాలను కాస్త ఒకదాని మీదకొకటి జరపండి.

*చిన్నది చేస్తే గీతలు లావుగా కనిపిస్తున్నాయి.* గీత మందం సైజుతో పాటు మారే సెట్టింగ్ ఆపి ఉంది. అన్‌డూ చేసి, దాన్ని ఆన్ చేసి మళ్లీ కుదించండి.

*గ్రేడియంట్ పట్టీలు పట్టీలుగా వస్తోంది.* దగ్గరి రంగులు పొడవైన దూరంలో సాగినప్పుడు ఇలా అవుతుంది. రెండు రంగుల మధ్య తేడా పెంచండి, లేదా ఆ భాగాన్ని కొద్దిగా నాయిస్ కలిపిన 300 పీపీఐ ఫోటోగా పెట్టండి. ఇక్కడ వెక్టరే ఉండాలన్న పట్టుదల అనవసరం.

*పీడీఎఫ్ తెరవడానికి చాలాసేపు పడుతోంది.* మ్యాప్‌లు, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లలో లక్షల నోడ్‌లుంటాయి. పేజీ మీద కనిపించని లేయర్లను మూలంలో తీసేసి, నోడ్‌లు తగ్గించి తీసుకురండి.

*పాత పీడీఎఫ్ నుంచి బొమ్మ తీసుకోవాలి, మూలం లేదు.* ఇంక్‌స్కేప్‌లో ఆ పేజీ తెరవండి. అక్షరాలు ముక్కలుగా వస్తాయి, తెలుగైతే ఒత్తులు చెదిరిపోవచ్చు. కాబట్టి అక్షరాలను తీసేసి ఆకారాలు మాత్రమే ఉంచుకుని, పేర్లూ లేబుళ్లూ కొత్తగా టైప్ చేయండి. తెరిచాక రెండో విభాగంలోని శుభ్రం చేసే పని మొదటి నుంచీ చేయాలి, ఎందుకంటే పీడీఎఫ్ నుంచి వచ్చిన బొమ్మలో క్లిప్పింగ్ మాస్క్‌లు ఒకదాని లోపల ఒకటి పేరుకుని ఉంటాయి.